తొమ్మిదో తరగతికి ముందే వచ్చిన స్కాలర్‌షిప్ ఆఫర్: ఒక కేసు, నాలుగేళ్ల లెక్క

ఈ కేసు డాలస్ శివార్లలో ఉండే ఒక తెలుగు కుటుంబానిది. స్కూలు, క్లబ్బు, కాలేజీల పేర్లు తీసేశాం. గుర్తుపట్టడానికి వీలున్న చిన్నచిన్న వివరాలు మార్చాం. నిబంధనలు, వాటి తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాం.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే తెలుగు పిల్లలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు గానీ, డివిజన్ 1 (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో అన్నిటికంటే పై స్థాయి) కాలేజీ నుంచి ఆఫర్ దాకా వెళ్లేవాళ్లు అరుదు. అందుకే అలాంటి కబురు వచ్చిన ఇంట్లో దాన్ని ఎలా చదవాలో చెప్పే పెద్దదిక్కు ఉండదు. ఈ కేసులో ఆఫర్ పోవడం పెద్ద నష్టం కాదు. ఆఫర్ చేతిలో ఉందన్న నమ్మకంతో మధ్యలో తీసుకున్న నిర్ణయాలకే ఎక్కువ మూల్యం పడింది. రాయడానికి కారణం అదే.

నేపథ్యం

2021 జూన్. కోవిడ్ వల్ల 2020 మార్చి నుంచి ఆగిపోయిన ప్రత్యక్ష రిక్రూటింగ్ జూన్ 1న మళ్లీ తెరుచుకుంది. ఏడాదికి పైగా పిల్లల్ని కళ్లారా చూడని కోచ్‌లు ఆ వేసవి క్యాంపుల్లో హడావుడిగా తిరిగారు. అబ్బాయి అప్పుడే ఎనిమిదో తరగతి పూర్తిచేశాడు. 14 ఏళ్లకు 6 అడుగుల 4 అంగుళాలు. తండ్రి 6 అడుగుల 2, తల్లి 5 అడుగుల 9. తల్లిదండ్రులిద్దరూ ఐటీ ఉద్యోగులే, హెచ్-1బి మీద ఉన్నారు. పిల్లవాడిది వాళ్ల వీసాకి అనుబంధమైన హెచ్-4. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారు కానీ అది ఎప్పటికి వస్తుందో లెక్క వేసే పరిస్థితి లేదు.

ఒక మధ్యస్థాయి డివిజన్ 1 కాలేజీ క్యాంపులో అబ్బాయి రెండు రోజులు ఆడాడు. మూడో రోజు క్లబ్ కోచ్ ఫోన్ చేసి, "హెడ్ కోచ్ ఆఫర్ ఇచ్చాడు, ఫుల్ రైడ్" (మొత్తం ఖర్చు భరించే స్కాలర్‌షిప్) అన్నాడు. ఆ రాత్రే తండ్రి ఫోన్ నుంచి సోషల్ మీడియాలో పోస్టు వెళ్లింది. నెల తిరక్కుండా "కమిటెడ్" (ఆ కాలేజీకే వెళ్తానని మాట ఇచ్చినట్టు) అని ఇంకో పోస్టు.

ఇక్కడ నిబంధనలు తెలియాలి. పురుషుల బాస్కెట్‌బాల్‌లో డివిజన్ 1 కోచ్ ఆటగాడికి నేరుగా ఫోన్ చేయడానికి, మెసేజ్ పెట్టడానికి పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా ఆగాలి. స్కాలర్‌షిప్‌ని కాగితం మీద ఇవ్వడానికి పన్నెండో తరగతికి ముందు ఆగస్టు 1 దాకా ఆగాలి. అంతకుముందు వచ్చేదంతా నోటి మాట. అది కోచ్‌ని కట్టిపడేయదు, పిల్లవాడినీ కట్టిపడేయదు. అందుకే కబురు ఎప్పుడూ క్లబ్ కోచ్ నోటి నుంచే వస్తుంది. ఆ దారిలో "మాకు బాగా నచ్చాడు" అన్నది "ఆఫర్ ఇచ్చారు"గా మారడం మామూలే. ఈ కేసులో హెడ్ కోచ్ ఖచ్చితంగా ఏ మాట వాడాడో చివరిదాకా తేలలేదు.

ఇది కొత్త రోగమూ కాదు. 2007లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కోచ్ టిమ్ ఫ్లాయిడ్, హైస్కూల్ మెట్టు ఎక్కకముందే 14 ఏళ్ల ర్యాన్ బోట్‌రైట్ కమిట్‌మెంట్ తీసుకున్నాడు. 2009 జూన్‌లో ఫ్లాయిడ్ రాజీనామా చేశాడు. బోట్‌రైట్ చివరికి కనెటికట్‌లో ఆడి 2014లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 2008లో కెంటకీ కోచ్ బిల్లీ గిలిస్పీ ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి దగ్గర మాట తీసుకున్నాడు. మరుసటి మార్చికి గిలిస్పీ ఉద్యోగమే పోయింది. ఇలాంటివి పెరిగాకే 2009 జనవరిలో ఎన్‌సీఏఏ, పురుషుల బాస్కెట్‌బాల్‌కి మాత్రం, "రిక్రూట్ కాగల విద్యార్థి" అన్న గీతను తొమ్మిదో తరగతి నుంచి ఏడో తరగతికి దించింది. గీత దింపడమంటే పిలవడానికి అనుమతి ఇచ్చారని కాదు. ఆ వయసు పిల్లలకూ రిక్రూటింగ్ నిబంధనలు వర్తించాలని. చాలామంది దీన్ని తలకిందులుగా చదువుతారు.

మా దగ్గరికి వచ్చేసరికి

కుటుంబం సలహా కోసం మా దగ్గరికి వచ్చింది 2022 మార్చిలో, తొమ్మిదో తరగతి రెండో సెమిస్టర్ సగంలో. వాళ్లు అడిగింది ఒక్కటే: "ఈ ఆఫర్‌ని గట్టిగా పట్టుకోవడం ఎలా?" అప్పటికి ఆ ఆఫర్ ఆధారంగా ఇంట్లో నాలుగు పనులు, కొన్ని జరిగిపోయాయి, కొన్ని జరగబోతున్నాయి.

సోషల్ మీడియాలో "కమిటెడ్" అని చెప్పడంతో మిగతా కాలేజీల కోచ్‌లు వాడి పేరు కొట్టేసుకున్నారు. రెండోది, క్లబ్బులో వాడిని సెంటర్‌గానే ఆడించడం. "6 అడుగుల 9 అవుతాడు" అన్నది క్లబ్ కోచ్ అంచనా. కాబట్టి బంతి చేతిలో పట్టుకుని నడిపే అవసరం లేదట, రిమ్ కింద నిలబడితే చాలట. మూడోది, మధ్యాహ్నాలు ట్రైనింగ్‌కి ఖాళీ ఉంచాలని పదో తరగతి నుంచి ఇంట్లో కూర్చుని సొంత వేగంతో చదివే ఆన్‌లైన్ కోర్సులకు మారే ఆలోచన. నాలుగోది, క్లబ్ కోచ్‌కి తెలిసిన ఇంకో స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఇల్లు మారడం. లీజు కాగితాలు కూడా చూశారు.

క్లబ్బు ఫీజులు, ప్రయాణాలు, హోటళ్లు, వ్యక్తిగత ట్రైనర్ కలిపి ఏడాదికి 11 వేల డాలర్లు అవుతున్నాయి. "ఎలాగూ ఫుల్ రైడ్ కదా" అన్న మాటతో ఆ ఖర్చు సమర్థించుకున్నారు.

మొదట ట్రాన్స్‌క్రిప్ట్

ఆఫర్ గురించి మాట్లాడే ముందు ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించుకున్నాం. క్రమం ఇలా ఎందుకంటే, ఆఫర్ మన చేతిలో లేదు, కోర్సులు మన చేతిలో ఉన్నాయి. పైగా కోర్సుల్లో పొరపాటు కొన్నిచోట్ల వెనక్కి తిప్పలేనిది.

డివిజన్ 1లో మొదటి ఏడాదే ఆడాలంటే 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య సబ్జెక్టులు) కావాలి: ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 3 (ఆల్జీబ్రా 1 నుంచి పైకి), సైన్స్ 2, ఈ మూడింట్లో ఏదైనా ఇంకొకటి, సోషల్ 2, అదనంగా 4. కోర్ జీపీఏ కనీసం 2.3. వీటిలో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. ఆ 10లో 7 ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్ అయి ఉండాలి. ఈ పదికి గ్రేడ్లు అక్కడితో తాళం పడినట్టే, తర్వాత మళ్లీ రాసి పెంచుకోవడం కుదరదు. 2023 జనవరిలో శాట్, యాక్ట్ స్కోరు నియమం తీసేశారు కాబట్టి ఇప్పుడు బరువంతా కోర్సుల మీదే.

అబ్బాయి చదువులో ముందున్నవాడే. తల్లి ఫైల్లో ప్రతిదీ వరసగా పెట్టుకుంది. ఆమె లెక్కలో తొమ్మిదో తరగతి అయ్యేసరికి 9 కోర్ క్రెడిట్లు. కాగితం మీద పచ్చ హైలైటర్‌తో ఒక్కో వరస గీస్తూ వెళ్తే ఇలా తేలింది.

ఆల్జీబ్రా 1 ఎనిమిదో తరగతిలో చేశాడు. హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో గ్రేడూ క్రెడిటూ రెండూ పడ్డాయి కాబట్టి చెల్లుతుంది. ఆల్జీబ్రా 2, ఇంగ్లిష్ 1, బయాలజీ క్లాసులో కూర్చుని చేస్తున్నవి, చెల్లుతాయి. జామెట్రీ వేసవిలో పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకున్నది. వరల్డ్ జాగ్రఫీ కూడా అంతే. తెలుగు 1, 2, 3 భాషా పరీక్ష రాసి ఒకే దెబ్బకు తెచ్చుకున్న మూడు క్రెడిట్లు. టెక్సస్‌లో మనవాళ్ల పిల్లలు ఇలా పరీక్ష రాసి క్లాసు దాటేయడం బాగా అలవాటు. స్కూలు ఒప్పుకుంటుంది, డిప్లొమాకి పనికొస్తుంది. ఎన్‌సీఏఏ మాత్రం పరీక్ష రాసి తెచ్చుకున్న క్రెడిట్‌ని కోర్ కోర్సుగా లెక్కించదు.

ఇంటి లెక్క 9. ఎన్‌సీఏఏ లెక్క 4.

"అయితే మా తెలుగు పరీక్ష దండగేనా అండీ?" అని తల్లి అడిగింది. దండగ కాదు. టెక్సస్ డిప్లొమాకి కావాల్సిన రెండు భాషా క్రెడిట్లు దాంతో తీరిపోయాయి. కోర్ లెక్కలోనే అది ఖాళీ గడి.

ఇప్పుడు ఆన్‌లైన్ ఆలోచనను ఈ 4 పక్కన పెట్టి చూడండి. సొంత వేగంతో చదివే కోర్సు ఎన్‌సీఏఏకి చెల్లాలంటే టీచర్‌తో క్రమంగా సంప్రదింపు ఉండాలి, మొదలూ ముగింపూ ఉన్న గడువు ఉండాలి, ఆ ప్రోగ్రామ్ ఆమోదిత జాబితాలో ఉండాలి. వాళ్లు చూసిన ప్రోగ్రామ్‌లో మొదటిది లేదు. అందులో ఇంగ్లిష్ 2, కెమిస్ట్రీ చేస్తే పదో తరగతిలో ఆ రెండూ సున్నా. పదకొండులోనూ అలాగే సాగితే పన్నెండుకి ముందు 7 కావాల్సినచోట 5 దగ్గరో 6 దగ్గరో ఆగేవాడు. గ్రేడ్లన్నీ 'ఎ' అయినా సరే.

అందుకని మొదటి నిర్ణయం: ఆన్‌లైన్ వద్దు, ఇకమీదట కోర్ సబ్జెక్టుల్లో పరీక్ష క్రెడిట్ వద్దు. స్కూలుకున్న ఆరంకెల కోడ్‌తో ఎన్‌సీఏఏ ఆమోదిత కోర్సుల జాబితా తెరిచి, కౌన్సెలర్ ఎదుట ప్రతి కోర్సు పేరు అక్షరం అక్షరం సరిచూశాం. ఒకే సబ్జెక్టుకి స్కూల్లో రెండు మూడు పేర్లుంటాయి, జాబితాలో లేని పేరుతో పడిన కోర్సు లెక్కలోకి రాదు. వేసుకున్న ప్రణాళిక ఇది: పదిలో ఇంగ్లిష్ 2, ప్రీకాలిక్యులస్, కెమిస్ట్రీ, వరల్డ్ హిస్టరీ. పదకొండులో ఇంగ్లిష్ 3, కాలిక్యులస్, ఫిజిక్స్, యూఎస్ హిస్టరీ, స్పానిష్ 1. పన్నెండులో ఇంగ్లిష్ 4, స్టాటిస్టిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, సగం సగంగా గవర్నమెంట్, ఎకనామిక్స్. మొత్తం 17. స్పానిష్ ఎందుకంటే 16కి సరిగ్గా 16 పెట్టుకుంటే ఒక్క కోర్సు తేడా వచ్చినా దిద్దుకోవడానికి చోటుండదు.

జీపీఏ మీద కూడా ఒక మాట. స్కూలు రిపోర్టులో 5కి పైన పోయే వెయిటెడ్ అంకె (కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపినది) చూసి ఇంట్లో ధీమాగా ఉంటారు. ఎన్‌సీఏఏ కోర్ కోర్సులనే తీసుకుని, ప్లస్‌లు మైనస్‌లు వదిలేసి తన స్కేలు మీద వేస్తుంది. కాలేజీ కోచ్‌కి పంపేటప్పుడు రెండు అంకెలూ విడివిడిగా రాయాలి.

పనిచేయని మూడు ప్రయత్నాలు

ఒకటి, ఆఫర్‌ని కాగితం మీదకి తేవడం. తండ్రి పట్టుదల ఇదే. 2024 ఆగస్టు 1కి ముందు కాలేజీ రాసివ్వడానికే వీల్లేదని చెప్పినా, "ఒక మెయిలైనా పెట్టమందాం" అన్నాడు. క్లబ్ కోచ్ ద్వారా అడిగించారు. జవాబు రాలేదు, వచ్చే దారీ లేదు. పైగా ఇలా అడగడం వల్ల కుటుంబం కంగారు పడుతోందని అవతలివాళ్లకు అర్థమైంది. దీన్ని మేమే గట్టిగా ఆపి ఉండాల్సింది.

రెండు, రీక్లాస్. తొమ్మిదో తరగతి మళ్లీ చదివితే ఏడాది పెద్దవాడై, బలమై వస్తాడని క్లబ్ కోచ్ సలహా. బాస్కెట్‌బాల్ కుటుంబాల్లో ఇది మామూలే, కానీ వాళ్లు ఎనిమిదో తరగతిలోనే చేస్తారు. తొమ్మిదిలో తొలిసారి అడుగుపెట్టిన రోజు నుంచి ఎన్‌సీఏఏ గడియారం, టెక్సస్ హైస్కూల్ క్రీడల సంస్థ యూఐఎల్ నాలుగేళ్ల గడియారం రెండూ నడుస్తాయి. మార్చిలో ఆలోచించేసరికి ఆ తలుపు మూసుకుంది. ఇంట్లో చదువు పరంగా కూడా ఒప్పుకునేవాళ్లు కాదు, అది వేరే సంగతి.

డిస్ట్రిక్ట్ మారడం కూడా ఇదే లెక్కలో ఆగింది. స్కూలు మారిన ఆటగాడు యూఐఎల్‌లో పాత స్కూలు కోచ్ సంతకంతో ఒక ఫారం ఇవ్వాలి. ఆట కోసమే మారాడని డిస్ట్రిక్ట్ కమిటీ తేలిస్తే కనీసం ఒక ఏడాది వర్సిటీ (స్కూలు ప్రధాన టీమ్) ఆడనివ్వరు. "కమిటెడ్" పోస్టు, క్లబ్ కోచ్ సిఫార్సు రెండూ బహిరంగంగా ఉన్నాక ఆట కోసం కాదని నమ్మించడం కష్టం. లీజు వదులుకున్నారు.

మూడు, హైలైట్ వీడియోని 120 కాలేజీలకు ఒకేసారి పంపడం. ఇది 2023 వేసవి మాట. ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

2023 మార్చిలో ఆ కాలేజీ హెడ్ కోచ్‌ని తీసేశారు. కొత్త కోచ్ వచ్చిన కొన్ని వారాల్లోనే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో, ఒక ఏడాది ఆటకి దూరంగా కూర్చోకుండానే ఒకసారి కాలేజీ మారే వీలు వచ్చింది. 2020-21 సీజన్ ఆడినవాళ్లందరికీ కోవిడ్ వల్ల ఒక ఏడాది అదనంగా ఇచ్చారు. అంటే 22 ఏళ్లవాడు, మూడేళ్లు కాలేజీలో ఆడినవాడు పోర్టల్‌లో సిద్ధంగా ఉండగా 16 ఏళ్ల కుర్రాడి కోసం రెండేళ్లు ఎదురుచూడాల్సిన అవసరం కొత్త కోచ్‌కి లేదు. 2025లో హైస్కూల్ పూర్తిచేసే పిల్లలకు ఈ ఇరుకు బాగా తగిలింది.

2023 జూన్ 15 వచ్చింది. నిజంగా కావాలనుకున్న ఆటగాడి ఫోన్ ఆ అర్ధరాత్రి దాటగానే మోగుతుంది. వీడికి ఆ రోజంతా వచ్చినవి రెండు మెయిళ్లు, రెండూ క్యాంపు ఆహ్వానాలు. ఒకదానిలో పేరు కూడా తప్పు. క్యాంపు మెయిల్ అంటే డబ్బు కట్టి రమ్మని వేలమందికి వెళ్లేది, దాన్ని రిక్రూటింగ్ అనుకోకూడదు. పాత ఆఫర్ ఇచ్చిన కాలేజీ అసిస్టెంట్‌ని అబ్బాయి చేతే ఫోన్ చేయించి, ఒకే ప్రశ్న అడగమన్నాం: "నేను ఈరోజు వస్తానంటే మీరు తీసుకుంటారా?" "మిమ్మల్ని ఇంకా చూడాలి" అన్నాడు. రెండేళ్ల ఆఫర్ అక్కడితో అయిపోయింది. ఈ ప్రశ్నను 2021లోనే క్లబ్ కోచ్ నోట అడిగించి ఉంటే సగం సంగతి అప్పుడే తెలిసేది.

ఆ కంగారులో వెళ్లినవే 120 మెయిళ్లు. 3 జవాబులొచ్చాయి, మూడూ మర్యాద జవాబులే. వీడియో 6 నిమిషాలు, అన్నీ డంకులు, బ్లాకులు, అదీ తనకంటే అరడుగు పొట్టి పిల్లల మీద. అందులో కోచ్‌కి పనికొచ్చేది ఏమీ లేదు. పైగా పాత "కమిటెడ్" పోస్టు అలాగే ఉంది. దాన్ని తీసేసి "రిక్రూట్‌మెంట్ మళ్లీ తెరిచాను" అని అబ్బాయి పేరుతో రెండు వాక్యాలు పెట్టించాం. ఎవరినీ నిందించకుండా.

ఎత్తు సంగతి

మళ్లీ 2022కి వెళ్లాలి. ఈ కేసులో సరైన సమయానికి జరిగిన మంచి పని ఇదొక్కటే.

తల్లిదండ్రుల ఎత్తుల నుంచి అబ్బాయి ఎత్తు అంచనా వేసే పాత సూత్రం ఒకటుంది: ఇద్దరి సెంటీమీటర్లు కలిపి, 13 చేర్చి, సగం చేయడం. 188, 175, 13 కలిపితే 376. సగం 188. అటూ ఇటూ 8 లేదా 9 సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు. అబ్బాయి అప్పటికే 193, అంటే ఆ అంచనా పైకొసకి దగ్గర్లో ఉన్నాడు. గొంతు మారి, మీసం వచ్చి ఏడాది దాటింది. మిగతా పిల్లలు ఇంకా పెరగబోతున్నారు, వీడు పెరిగేశాడు. పిల్లల డాక్టర్ దగ్గర ఎడమ చేతి ఎక్స్-రే తీయించమన్నాం. ఎముకల వయసు అసలు వయసు కంటే ముందుందని, ఇంకో అంగుళం, మహా అయితే రెండు పెరగొచ్చని తేలింది. చివరికి 6 అడుగుల 5 దగ్గర ఆగాడు. చెప్పులు లేకుండా, గోడకి మడమలు ఆనించి కొలిచిన ఎత్తు ఇది. రోస్టర్లలో (టీమ్ ఆటగాళ్ల జాబితాల్లో) రాసేది బూట్లతో కొలిచింది, దాంట్లో అంగుళం పైన తేడా వస్తుంది.

6 అడుగుల 5 సెంటర్‌కి కాలేజీలో చోటు లేదు. అదే ఎత్తున్న వింగ్‌కి (కోర్టు అంచుల్లో ఆడేవాడికి) ఉంది. ఈ ఒక్క ఎక్స్-రేతో ట్రైనింగ్ మొత్తం మారింది. వారానికి నాలుగు సెషన్లు: రెండింటిలో పట్టుకుని వెంటనే వేసే త్రీలు (మూడు పాయింట్ల షాట్లు), ఒక్కో సెషన్‌కి 200 పడేదాకా (వేసినవి కాదు, పడినవి లెక్క). ఒకదానిలో ఒత్తిడిలో బంతి నడపడం, ఎడమచేయి ఎక్కువ. ఒకదానిలో తనకంటే చిన్న గార్డులను (బంతి నడిపే ఆటగాళ్లను) ఎదురుగా నిలిచి ఆపడం. నాలుగోది వాడికి అసలు నచ్చలేదు, దాని ఫలితమే తర్వాత ఎక్కువ పనికొచ్చింది. క్లబ్ కోచ్ ఒప్పుకోలేదు. సెంటర్‌గా గెలిపిస్తున్నవాడిని అంచుకి పంపితే టీమ్ ఓడుతుంది, ఆయన లెక్క ఆయనది. 2022 సెప్టెంబర్‌లో చిన్న క్లబ్బుకి మారారు. షూ కంపెనీలు నడిపే టోర్నీల సర్క్యూట్ కాదు, ఖర్చు 11 వేల నుంచి 4 వేలకి దిగింది. స్కూల్ టీమ్‌లో మొదటి ఏడాది త్రీలు 100కి 24 పడ్డాయి, పదకొండో తరగతికి 37.

పనిచేసింది

2023 చివర్లో కొత్త జాబితా. 120 కాదు, 34. ఎంపిక ఎలాగంటే, ప్రతి కాలేజీ రోస్టర్ పేజీ తెరిచి ఒక్కో ఆటగాడి పక్కన "ముందు ఏ స్కూలు" అన్న గడి చూడాలి. 13 మందిలో 9 మంది వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్లయితే ఆ కోచ్ హైస్కూల్ పిల్లల్ని తీసుకోడు, వెబ్‌సైట్‌లో ఎంత అందంగా రాసుకున్నా. తర్వాత వింగ్‌లో ఆడేవాళ్లలో 2025కి ఎంతమంది వెళ్లిపోతారో లెక్క. ఆ తర్వాత హెడ్ కోచ్ ఎన్నేళ్ల నుంచి ఉన్నాడు. చివర్లో చదువు, ఖర్చు. మిగిలినవి ఎక్కువ డివిజన్ 2, కొన్ని డివిజన్ 3, రెండు డివిజన్ 1.

వీడియో మూడు నిమిషాలు. మొదటి 30 సెకన్లలో నాలుగు త్రీలు, తర్వాత మొత్తం నిమిషం డిఫెన్స్: గార్డుని ఆపినవి, సహాయానికి వెళ్లి మళ్లీ తన మనిషి దగ్గరికి తిరిగొచ్చినవి. ఒక్కో క్లిప్పు బంతి పట్టుకున్నప్పటి నుంచి కాక ఆ పొజెషన్ (బంతి ఒక టీమ్ చేతిలో ఉండే వ్యవధి) మొదలైనప్పటి నుంచి. సంగీతం లేదు. కింద రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు, అందులో ఒకటి ఓడినది. మెయిల్ అబ్బాయే రాశాడు, ఎనిమిది వాక్యాలు: పుట్టిన సంవత్సరం, బూట్లు లేని ఎత్తు, చేతుల చాపు, కోర్ జీపీఏ, ఎన్‌సీఏఏ ఐడీ, ఆ కాలేజీకే ఎందుకు, వచ్చే ఆరు మ్యాచ్‌ల తేదీలు, స్కూల్ కోచ్ ఫోన్. 34లో 13 జవాబులొచ్చాయి. వాటిలో 5 డిఫెన్స్ క్లిప్పుల గురించే మొదలుపెట్టాయి.

2024 శరదృతువు నాటికి మూడు దారులు మిగిలాయి.

వేరే రాష్ట్రంలోని డివిజన్ 1 కాలేజీ, ప్రిఫర్డ్ వాక్-ఆన్: టీమ్‌లో చోటు, డబ్బు లేదు. ఇంట్లో అందరికీ మొగ్గు దీనికే, "డివిజన్ 1" అన్న మాట కోసం. మేం వద్దనడానికి రెండు కారణాలు చెప్పాం. ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుపై ఎన్‌సీఏఏ మీద నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి ఆ అక్టోబర్‌లోనే ప్రాథమిక ఆమోదం వచ్చింది, అందులో బాస్కెట్‌బాల్‌కి 15 మంది రోస్టర్ పరిమితి ఉంది. పరిమితి పడితే మొదట కదిలేది వాక్-ఆన్ చోటే. 2025 జూన్ 6న తుది ఆమోదం వచ్చి, ఆ సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకు ఆ పరిమితి అమల్లోకి వచ్చింది కూడా. రెండోది, హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం లేదు, ఫాఫ్సా (ఆ సహాయానికి పెట్టే దరఖాస్తు) దారి మూసే ఉంటుంది. మొత్తం ఖర్చు ఇంటి మీదే.

డివిజన్ 3 కాలేజీ, చదువుకి చాలా మంచి పేరు. ఆ డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. మెరిట్ తీసేశాక ఏడాదికి 57 వేలు కట్టాలి.

డివిజన్ 2 కాలేజీ, ఏడాది ఖర్చు 52 వేలు. ఈ డివిజన్‌లో టీమ్ మొత్తానికి 10 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ ఉంటుంది, కోచ్ దాన్ని ముక్కలు చేసి పంచుతాడు. వీడికి 18 వేలు. దాని మీద చదువుకి 20 వేలు. ఇంటి వాటా 14 వేలు.

చూడాల్సింది 18, 20ల మధ్య తేడా. 18 వేలు కోచ్ చేతిలోది, ఏటా పునరుద్ధరించాలి, ఇస్తారో లేదో జూలై 1లోపు రాతపూర్వకంగా చెప్పాలి. 20 వేలు అడ్మిషన్స్ ఆఫీసు ఇచ్చింది, జీపీఏ నిలబెట్టుకుంటే నాలుగేళ్లూ వస్తుంది, కోచ్ మారినా, మోకాలు పోయినా. 2021లో వీళ్లు నమ్ముకున్న ఫుల్ రైడ్‌లో ఇలా కోచ్‌తో సంబంధం లేని డాలర్ ఒక్కటీ లేదు. ఆ తేడా చూపించాక వాక్-ఆన్ మాట ఆగిపోయింది.

నవంబర్‌లో సంతకం పెట్టారు. నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఆ కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం పెట్టే పత్రం) ఆ అక్టోబర్‌లోనే రద్దయింది కాబట్టి పెట్టింది ఆర్థిక సహాయ ఒప్పందం మీద. సంతకానికి ముందు చదివించిన గడులు: కాలం ఎన్నేళ్లు, ఏ కారణాలతో తగ్గించొచ్చు, గాయమైతే ఏమిటి, వేసవి క్లాసుల డబ్బు ఉందా. ట్యూషన్, ఫీజు, పుస్తకాలకు పోయే భాగం మీద పన్ను ఉండదు, గది భోజనాలకు పోయే భాగం ఆదాయంగా చూపాలి. దీన్ని చాలా ఇళ్లలో మొదటి ఏప్రిల్‌లో గానీ కనుక్కోరు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ట్రాన్స్‌క్రిప్ట్ పరిశీలన ఇప్పుడు ఎనిమిదో తరగతి చివర్లోనే చేస్తున్నాం, ఆఫర్ ఉన్నా లేకపోయినా. పరీక్ష క్రెడిట్లు రాయడానికి ఎండాకాలం ఫీజు కట్టే ముందే ఆపొచ్చు.

ఆఫర్ కబురు వస్తే అదే రోజు ఒక కాగితం మీద ఐదు గడులు నింపమంటున్నాం. మాట ఎవరి నోటి నుంచి వచ్చింది, హెడ్ కోచా అసిస్టెంటా. ఆయన కాంట్రాక్టు ఎప్పటిదాకా. ఈ తరగతికి, ఈ పొజిషన్‌కి ఇంకెంతమందికి ఇచ్చారు. ఈరోజు ఒప్పుకుంటే తీసుకుంటారా. పూర్తిదా, భాగమా. ఐదింట్లో మూడు ఖాళీగా ఉంటే దాన్ని మెచ్చుకోలుగా తీసుకోవాలి, సంతోషించాలి, దాని మీద ఇల్లు మారకూడదు. పోస్టు పెట్టాలనుకుంటే "ఆఫర్ వచ్చింది" అనొచ్చు, "కమిటెడ్" మాత్రం పదకొండో తరగతి దాకా వద్దంటున్నాం. ఆఫర్ మాట మిగతా కోచ్‌లను పిలుస్తుంది, కమిట్ మాట తరిమేస్తుంది.

ఎత్తుని మూడు నెలలకోసారి, ఉదయం పూట, ఒకే గోడ దగ్గర కొలిపిస్తున్నాం. తొందరగా పెరిగిన పిల్లవాడికే తొందరగా ఆఫర్ వస్తుంది. తొందరగా ఆగేదీ వాడే.

వీసా ఉన్న ఇళ్లలో ఇంకో తేదీ ముందే రాయాలి. ఈ అబ్బాయికి కాలేజీ మూడో ఏడాదిలో 21 నిండుతాయి, ఆ రోజుతో హెచ్-4 పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారే దరఖాస్తు అంతకు చాలా ముందే పెట్టాలి, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం డబ్బు లెక్క చూపాలి, ఆ లెక్కలో స్కాలర్‌షిప్ ఉత్తరం కూడా ఒక కాగితం. పేరు, బొమ్మ వాడుకున్నందుకు వచ్చే ఎన్ఐఎల్ డబ్బు 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లందరికీ తెరుచుకుంది గానీ, పనిచేసే అనుమతి లేని వీసా మీద దాన్ని ముట్టుకుంటే వీసాకే ఎసరు. స్థానిక రెస్టారెంటు వాళ్లు ఒక ప్రకటనకి 300 డాలర్లు ఇస్తామంటే అబ్బాయి మొదట ఇమిగ్రేషన్ లాయర్‌కి మెయిల్ పెట్టాడు. వద్దని జవాబొచ్చింది, వదిలేశాడు.

2025 ఆగస్టులో కాలేజీలో చేరాడు. రోస్టర్ పేజీలో పొజిషన్ దగ్గర 'గార్డ్' అని, ఎత్తు దగ్గర 6 అడుగుల 6 అని ఉంది.